ఏ భాస్కరుడు?

“భాస్కరుని గూర్చి వ్రాయుము” అను ప్రశ్న పరీక్షాపత్రమున కనబడినచో గణిత విద్యార్థి లీలావతిని తలచును. తెలుగు విద్యార్థి రామాయణమును తలచును. వేదాంతము చదువుకొన్నవాడు బ్రహ్మసూత్రభాష్యమును, మీమాంస చదువుకొన్నవాడు అర్థసంగ్రహమును, శ్రీవిద్యోపాసకుడు లలితాసహస్రనామ వ్యాఖ్యను తలచుదురు. ఈ ఐదుగురి సమాధానములును సరియైనవే. లోపము ప్రశ్నయందున్నది. “ఏ భాస్కరుడు?” అని తిరిగి యడుగు విద్యార్థి యొక్కడు తరగతిలో నున్నచో ఆ తరగతి ఉపాధ్యాయుడు ధన్యుడు.

భాస్కరశబ్దమునకు కాంతిని కలుగజేయువాడని యర్థము. సూర్యునకు గల పేరులలో నిది జనవ్యవహారమున మిక్కిలి ప్రచారము గలది. దేవతల పేరులను బిడ్డలకు పెట్టుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న యాచారము. తాతపేరును మనుమనికి పెట్టుకొనుట దానికి తోడైన మరియొక యాచారము. మొదటి యాచారము ఒకే పేరును దేశమంతట వెదజల్లును. రెండవది ఒకే వంశమున దానిని మరల మరల పుట్టించును. ఈ రెండింటివలన పేరు నిలుచును గాని, పేరు గలవాడు మరుగుపడు ప్రమాదము కలదు. ఒకని కృషి మరియొకని ఖాతాలో చేరుట, ఒకని గ్రంథమునకు మరియొకని జీవితకథ యతుకుట, ప్రసిద్ధుని నీడలో అప్రసిద్ధుడు అదృశ్యుడగుట వాఙ్మయ చరిత్రలోను శాస్త్ర చరిత్రలోను అరుదు గాదు. భాస్కరనామధేయుల చరిత్ర దీనికి చక్కని నిదర్శనము.

ఇద్దరు గణకులు

గణితశాస్త్రమున ఇద్దరు భాస్కరులు కలరు. వారి నడుమ అయిదు శతాబ్దుల దూరము కలదు. ఇద్దరును గొప్పవారే. కాని చాలకాలము లోకము రెండవవానినే యెరిగియుండెను.

మొదటి భాస్కరుడు ఏడవ శతాబ్దివాడు. ఆర్యభటుని సంప్రదాయమునకు చెందినవాడు. ఆర్యభటీయమున గణితపాదము 33 శ్లోకములు మాత్రమే. సూత్రప్రాయములైన యా శ్లోకములు గురుముఖమున వినని వానికి కొరుకుడుపడవు. భాస్కరుడు వానికి విపులమైన భాష్యము వ్రాసి, ఉదాహరణములిచ్చి, లెక్కలు చేసి చూపెను. ఆ భాష్యమునందలి కాలగణన కలియుగమున 3730 సంవత్సరములు గడచినట్లు తెలుపుచున్నది. అనగా అది క్రీ.శ. 629. ఇంత నిష్కర్షగా కాలము తెలియు ప్రాచీన గ్రంథములు మనకు కొలదిగా నున్నవి. ఇదిగాక మహాభాస్కరీయము, లఘుభాస్కరీయము అను రెండు జ్యోతిషగ్రంథములను గూడ నాతడు రచించెను.

మహాభాస్కరీయము సప్తమాధ్యాయమున నొక చిన్న సూత్రము కలదు. కోణముయొక్క ‘జ్య’ విలువను, పట్టికలతో పనిలేకుండ, కేవలము గుణకార భాగహారములతో తెలిసికొనుటకది యుపాయము. నేటి పరిభాషలో దానిని ఇట్లు చెప్పవచ్చును. కోణమును 180 నుండి తీసివేసి, ఆ శేషమును కోణముతోనే గుణింపవలెను. వచ్చిన ఫలమును ఒకవంక నాలుగింతలు చేయవలెను. మరియొకవంక 40,500 నుండి తీసివేయవలెను. మొదటిదానిని రెండవదానితో భాగించినచో జ్య విలువ వచ్చును. 30 డిగ్రీలకు ఈ లెక్క చేసినచో 18,000ను 36,000తో భాగింపవలసి వచ్చి, సరిగా అర యగును. అది యథార్థమైన విలువయే. 45 డిగ్రీలకు 24,300ను 34,425తో భాగింపగా 0.7059 వచ్చును, అసలు విలువ 0.7071. పదమూడు వందల యేండ్లకు పైబడిన సూత్రము దశాంశస్థానములలో రెండు స్థానముల వరకు దాదాపు తప్పకుండ నిలిచినది! ఉన్నతపాఠశాల విద్యార్థి యెవ్వడైనను కాగితము, కలము తీసికొని అయిదు నిమిషములలో దీనిని పరీక్షించుకొనవచ్చును.

ఇదే సూత్రము, వృత్తమందలి జీవకు అన్వయించు రూపమున, లీలావతియందును కలదు. లీలావతీకర్త రెండవ భాస్కరుడు. భాస్కరాచార్యుడని లోకమున సుప్రసిద్ధుడు. బ్రహ్మగుప్తుడును దీనిని చెప్పియుండెను. కాని లీలావతి దేశమంతట పాఠ్యగ్రంథమైనది, మహాభాస్కరీయము కాలేదు. కనుక ‘భాస్కరుని సూత్రము’ అని విన్నవాడు సహజముగా లీలావతీకర్తనే తలచును. పేరు ఒక్కటే యగుటచేత ఆ తలపునకు అడ్డు చెప్పువాడును లేడు. కర్త పేరు వేరైయున్నచో ఎవ్వడైన సందేహించియుండును. నామసామ్యము సందేహమునకే చోటియ్యదు. ఈ మోసము కంటికి కనబడదు.

భాస్కరాచార్యుడు తన జన్మసంవత్సరమును తానే చెప్పుకొన్నాడు. అది శకము 1036, అనగా క్రీ.శ. 1114. తన ముప్పది యారవ యేట, అనగా 1150లో, సిద్ధాంతశిరోమణిని రచించినట్లును చెప్పినాడు. తండ్రి మహేశ్వరుడు, నివాసము సహ్యపర్వత ప్రాంతము. 1183లో కరణకుతూహలమను మరియొక గ్రంథము వ్రాసెను. ఒక సంఖ్యయొక్క వర్గమును 61తో గుణించి ఒకటి కలుపగా మరియొక వర్గము రావలెనను సమస్యను బీజగణితమున చక్రవాళపద్ధతితో సాధించెను. అట్టి సంఖ్యలలో కనిష్ఠమైనది 22,61,53,980. ఇదే సమస్యను 1657లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ఐరోపా పండితుల ముందుంచెను. భాస్కరాచార్యుని సమాధానము అప్పటికి అయిదు వందల యేండ్ల నాటిది.

లీలావతిని 1587లో అక్బరు ఆస్థానకవి ఫైజీ పారశీకమునకు పరివర్తించెను. 1816లో జాన్ టేలర్, 1817లో కోల్‌బ్రుక్ ఆంగ్లమున ప్రకటించిరి. ఇట్లు భాస్కరాచార్యుని పేరు ఖండాంతరములకు ప్రాకినది. అదే సమయమున మొదటి భాస్కరుని గ్రంథములు ప్రధానముగా కేరళదేశపు తాళపత్రములలో నొదిగియుండెను. ఆ దేశపు జ్యోతిష్కులు మాత్రము ఆయనను మరువలేదు. 869లో మహోదయపురమున శంకరనారాయణుడు లఘుభాస్కరీయమునకు వ్యాఖ్య వ్రాసెను. 1930లో విభూతిభూషణ్ దత్తా ‘ఇద్దరు భాస్కరులు’ అను శీర్షికతో నొక వ్యాసము ప్రకటించి ఇరువురిని విడదీసి చూపెను. లక్నో విశ్వవిద్యాలయమునకు చెందిన కృపాశంకర శుక్ల 1960లో మహాభాస్కరీయమును, 1963లో లఘుభాస్కరీయమును ఆంగ్లానువాదముతో పరిష్కరించి ముద్రించెను. అటుపిమ్మటనే చరిత్రగ్రంథములలో ‘మొదటి’, ‘రెండవ’ అను విశేషణములు స్థిరపడినవి.

ఇందొక చమత్కారము కలదు. చక్రవాళపద్ధతి భాస్కరాచార్యుని సొంత కల్పనయని చాలకాలము భావింపబడుచుండెను. లఘుభాస్కరీయమునకు 1073లో ఉదయదివాకరుడు ‘సుందరి’ యను వ్యాఖ్య వ్రాసెను. ఆ వ్యాఖ్యలో జయదేవుడను గణకుని శ్లోకములు ఉదాహరింపబడినవి. వానిలో చక్రవాళము సాంగముగా నున్నది. శుక్లగారు దీనిని 1954లో లోకమునకు తెలిపిరి. అనగా పెద్ద భాస్కరుని గ్రంథమును చదువుటవలన చిన్న భాస్కరునికి ముందున్న యొక గణకుని ఋణము బయటపడినది. ఆ గణకుని పేరు జయదేవుడు. గీతగోవిందకర్తయైన జయదేవుడు వేరు. ఒక ముడి విప్పబోయినవానికి మరియొక ముడి తగులుట ఈ విషయమున సామాన్యమే!

ఒకే శాసనమున ఇద్దరు

మహారాష్ట్రమున జళగాంవ్ జిల్లాలో చాళీస్‌గాంవ్ సమీపమున పాటణ యను గ్రామము కలదు. అచ్చటి దేవాలయమందలి శాసనమును 19వ శతాబ్దిలో డాక్టరు భావు దాజీ వెలుగులోనికి తెచ్చెను. అది 1207 ప్రాంతమున వేయబడినది. భాస్కరాచార్యుని మనుమడు చాంగదేవుడు యాదవరాజు సింఘణుని యాస్థాన జ్యోతిష్కుడు. అతడు తాతగారి గ్రంథములను పాఠము చెప్పుటకై యొక మఠమును స్థాపించిన విషయమును ఆ శాసనము చెప్పుచున్నది. గ్రంథకర్త గతించిన కొలదికాలమునకే ఆతని గ్రంథముల యధ్యయనమునకై పాఠశాల వెలయుట మన చరిత్రలో స్మరింపదగిన ఘట్టము.

ఈ శాసనమున వంశవృక్షము కూడ కలదు. త్రివిక్రముడు, అతని కుమారుడు భాస్కరభట్టు, తరువాత గోవిందుడు, ప్రభాకరుడు, మనోరథుడు, మహేశ్వరుడు, అతని కుమారుడు భాస్కరాచార్యుడు. ఈ వరుసలో మొదటి భాస్కరభట్టు భోజరాజువలన ‘విద్యాపతి’ యను బిరుదము పొందినవాడు. ఆతనికి ఆరవతరమువాడు భాస్కరాచార్యుడు. ఇద్దరును విద్వాంసులే, ఇద్దరును ఒకే వంశమువారే, ఒకే శాసనమున ఇద్దరి పేరులును ఉన్నవి. శాసనకర్త తరములను వరుసతప్పక చెప్పుటవలన, ఒకనికి బిరుదమును చేర్చుటవలన, ఇరువురును కలసిపోలేదు. చాంగదేవుడు తాతగారికి మఠము నిర్మించి గౌరవము చేసెను. వంశవృక్షమును స్పష్టముగా చెక్కించి అంతకు తక్కువగాని యుపకారము చేసెను.

లీలావతి పేరును గూర్చియు నొక మాట చెప్పవలసియున్నది. లీలావతి భాస్కరాచార్యుని కుమార్తె యనియు, ఆమె వివాహముహూర్తమును సూచించు ఘటికాపాత్రలో ముత్యము పడి రంధ్రము మూసికొనిపోగా ముహూర్తము తప్పినదనియు, ఆమెను ఊరడించుటకై తండ్రి గ్రంథమునకామె పేరు పెట్టెననియు కథ ప్రచారమున నున్నది. ఈ కథ ఫైజీ పారశీకానువాద పీఠికలో కలదు. లీలావతీగ్రంథమున గాని పాటణ శాసనమున గాని యిట్టి వృత్తాంతము లేదు. కథ హృద్యమైనదే, తరగతిలో చెప్పవచ్చును. కాని కథగా చెప్పవలెను. గ్రంథమునకు గల పేరును వ్యక్తికి గల పేరుగా భావించుట నామభ్రాంతిలో మరియొక విధము.

భాష్యకారులు

గణితము వదలి దర్శనముల వైపు చూచినచో మరికొందరు భాస్కరులు కనబడుదురు. శంకరాచార్యుల తరువాత, వాచస్పతిమిశ్రునికి పూర్వము, ఒక భాస్కరుడు బ్రహ్మసూత్రములకు భాష్యము వ్రాసెను. అతడు మాయావాదమును తీవ్రముగా ఖండించెను. జగత్తు బ్రహ్మముయొక్క యథార్థమైన పరిణామమనియు, జీవబ్రహ్మముల భేదము ఉపాధివలన గలిగినదనియు, అభేదము స్వాభావికమనియు ఆతని సిద్ధాంతము. ముక్తికి జ్ఞానమొక్కటే చాలదు, కర్మయు కావలెనని ఆతని మతము. తరువాతి కాలమున రామానుజాచార్యులు ఈతని భేదాభేదవాదమును విమర్శించిరి. పరమతమువారు ఖండించుటకైనను పేరు చెప్పుటవలన ఈ భాస్కరుడు చరిత్రలో స్థిరముగా నిలిచినాడు. ఒక్కొక్కప్పుడు మిత్రుని స్తోత్రముకంటె ప్రతివాది ఖండనము మేలైన సాక్ష్యము.

వేదవ్యాఖ్యాతలలో భట్టభాస్కరుడు కలడు. తైత్తిరీయసంహితకు ‘జ్ఞానయజ్ఞము’ అను భాష్యము రచించినవాడు, సాయణాచార్యునికి పూర్వుడు. తెలుగునాట కృష్ణయజుర్వేదాధ్యయనము అధికమగుటచేత ఇతని పేరు మన వేదపండితులకు చిరపరిచితము. రుద్రమునకు ఈతడు వ్రాసిన వ్యాఖ్యను నేటికిని పండితులు ప్రమాణముగా చూతురు. మీమాంసలో ప్రవేశింపగోరు విద్యార్థి మొదట చేతబట్టు చిన్నపుస్తకము అర్థసంగ్రహము. దాని కర్త లౌగాక్షి భాస్కరుడు. తర్కకౌముది యను న్యాయవైశేషికగ్రంథమును వ్రాసినవాడును అతడే. లౌగాక్షి యనునది గోత్రనామము. ఆ ఒక్క మాట ముందు లేనిచో ఈ భాస్కరుని తక్కినవారినుండి వేరుచేయుట యెంతయో కష్టమై యుండెడిది.

పదునెనిమిదవ శతాబ్దికి చెందిన భాస్కరరాయుడు శ్రీవిద్యాసంప్రదాయమున మహాపండితుడు. వరివస్యారహస్యము, సేతుబంధము అను గ్రంథములు రచించినవాడు. లలితాసహస్రనామమునకు ఆతడు వ్రాసిన వ్యాఖ్య ‘సౌభాగ్యభాస్కరము’. తన పేరును వ్యాఖ్య పేరులోనే పొదిగి, సూర్యుని ద్వాదశకళల పేరిట ఆ వ్యాఖ్యను పండ్రెండు భాగములుగా విభజించెను. తన పేరుయొక్క యర్థమునే గ్రంథనిర్మాణమునకు పునాదిగా చేసికొన్నవాడు భాస్కరులలో ఇతడొక్కడే కనబడుచున్నాడు. తంజావూరు సీమలో కావేరీతీరమున భాస్కరరాజపురమను గ్రామము ఈతని పేర వెలసినది.

తెలుగునాట భాస్కరులు

ఇక తెలుగు వాఙ్మయము. ఇచ్చట చిక్కు మరింత సన్నిహితమైనది. ఏలన ఇద్దరు భాస్కరులును కవులే, ఇద్దరును దాదాపు ఒక శతాబ్దపు టెడములోనివారే.

తిక్కన సోమయాజి తాతగారు మంత్రి భాస్కరుడు. గుంటూరునకు అధిపతియైన మంత్రి. నిర్వచనోత్తరరామాయణ పీఠికలో తిక్కన ఆయనను కవియని గౌరవముతో స్మరించినాడు. మంత్రి భాస్కరునకు కేతన, మల్లన, సిద్ధన, కొమ్మన అని నలుగురు కుమారులు. కొమ్మన కుమారుడు కవి తిక్కన. మంత్రి భాస్కరుని కవిత్వము నేడు మనకు లభించుట లేదు. ఆయన కవియనుటకు మనుమని సాక్ష్యమే యాధారము.

రెండవవాడు హుళక్కి భాస్కరుడు. భాస్కరరామాయణము ఈతని పేరను ప్రసిద్ధి కెక్కినది. కాని అది యొక్కరి రచన కాదు. అరణ్యకాండమును, యుద్ధకాండమున కొంతభాగమును భాస్కరుడు రచించెను. బాల, కిష్కింధా, సుందరకాండములు ఆతని కుమారుడు మల్లికార్జునభట్టు రచించినవి. అయోధ్యాకాండము కుమార రుద్రదేవునిది. యుద్ధకాండ శేషమును పూర్తిచేసినవాడు అయ్యలార్యుడు. కృతిని సాహిణి మారనకు అంకితము చేసిరి. మార్కండేయపురాణమును తెలిగించిన మారన వేరు; ఆతడు తిక్కన శిష్యుడు, కవి. ఈ మారన కృతిభర్త.

కొందరు విమర్శకులు భాస్కరరామాయణమందలి భాగమునకు మంత్రి భాస్కరుడే కర్తయని వాదించిరి. వారి యూహ వినుటకు సొంపుగానే యుండును. తిక్కన రామాయణపూర్వకథను విడిచి ఉత్తరకథను మాత్రమేల రచించెను? పూర్వకథను తాతగారే రచించియుండుటవలన గదా! అని వారి తర్కము. కాని తాతను కవిగా పొగడిన తిక్కన, ఆయన రామాయణము రచించినట్లు ఒక్కమాటయు చెప్పలేదు. తాతగారి రామాయణమునకు కొనసాగింపుగా ఉత్తరకథను చేపట్టిన మనుమడు ఆ సంగతిని పీఠికలో చెప్పక విడుచునా? ‘భాస్కర’ యను మూడక్షరములు ఒక్కటి కాకున్నచో ఈ వాదమునకు పుట్టుకయే లేదు. మంత్రి భాస్కరునిమీది గౌరవముతో లేనిపోని కావ్యమును ఆయనకు కట్టబెట్టుట వలన నలుగురు కవుల శ్రమకు లోపము కలుగును. మంత్రి భాస్కరునికి నిజమైన కీర్తియు రాదు.

ఆ వంశముననే మరియొక నామసామ్యము కలదు. సిద్ధన కుమారుని పేరును తిక్కనయే. కవి తిక్కనకు పెదతండ్రి కుమారుడు. నెల్లూరు మనుమసిద్ధికి సేనాని. ఎఱ్ఱగడ్డపాటి కాటమరాజుతో పశువుల మేపుబీళ్ల పుల్లరి విషయమై కలహము పుట్టగా, పాలేటి తీరమున పంచలింగాల యుద్ధమున పోరాడి వీరస్వర్గ మలంకరించెను. మొదట ఓడి యింటికి తిరిగి వచ్చిన యాతనికి భార్య స్నానమునకు పసుపుముద్దనుంచి, మంచము అడ్డుపెట్టి స్త్రీకి వలె నీరు తోడెననియు, తల్లి విరిగిన పాలు వడ్డించి, నీతో పాటు పాలును విరిగినవని యెత్తిపొడిచెననియు జనులు చెప్పుకొందురు. లోకము ఈయనను ఖడ్గతిక్కన యని పిలిచినది. మహాభారతమున పదునైదు పర్వములు తెలిగించిన సోదరుడు కవితిక్కన. ఒకే తాతకు మనుమలు, ఒకే పేరు, ఒకే రాజు కొలువు. ఒకరి చేత ఖడ్గము, ఒకరి చేత గంటము. పేరు వేరుచేయలేని యిద్దరిని వారి చేతిలోని పనిముట్లు వేరుచేసినవి.

ఈ వంశమును విపులముగా వర్ణించిన గ్రంథము దశకుమారచరిత్రము. అది తిక్కనకే అంకితము. రచించిన కవి మూలఘటిక కేతన. తిక్కన పెదతండ్రి పేరును కేతనయే. విద్యార్థులు ఇచ్చట గూడ జాగరూకులై యుండవలెను.

భాస్కరశతకమును గూర్చి చెప్పకున్న ఈ ప్రసంగము పూర్తికాదు. నీతిని చెప్పి, దానిని పురాణకథతోనో లోకానుభవముతోనో సమర్థించు పద్యములతో కూడిన యీ శతకము మన పాఠశాలలలో తరతరములుగా పఠింపబడినది. “భాస్కరశతకకర్త ఎవరు?” అని యడిగినచో “భాస్కరుడు” అను సమాధానము వచ్చుట ఉపాధ్యాయులకు క్రొత్త గాదు. కర్త మారవి వెంకయ్య. మారద వెంకయ్య యనియు వ్యవహారము కలదు. ‘భాస్కరా’ యనునది మకుటము, అనగా సూర్యభగవానునికి సంబోధనము. సుమతిశతకకర్త సుమతి కాదని యెరిగిన విద్యార్థియు ఇచ్చట పొరబడును. భాస్కరులు ఎందరో కవులుగా నున్నందున, మరియొక భాస్కరకవి యుండుట యాతనికి అసంభవముగా తోచదు.

విడదీయు విధము

పూర్వులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. వారు వ్యక్తిని గుర్తించుటకు పేరుతో పాటు మరియొక మాటను జోడించిరి. ఆ మాట ఒక్కొక్కచోట ఒక్కొక్క తెరగున నుండును. మంత్రి యనునది ఉద్యోగము. హుళక్కి యనునది ఇంటిపేరు. లౌగాక్షి గోత్రము. విద్యాపతి బిరుదము. ఆచార్య, భట్ట, రాయ శబ్దములు గౌరవచిహ్నములు. ఖడ్గము ఆయుధము. ఇట్టి గుర్తు దొరకనిచోట ఆధునికులు మొదటి, రెండవ యను సంఖ్యలను వాడిరి. తెలుగువారికి ఇంటిపేరు పేరునకు ముందు నిలుచుట ఈ విషయమున మహోపకారకము. ఒక తరగతిలో ముగ్గురు భాస్కరరావులున్నను హాజరుపట్టిక పిలుచునప్పుడు ఉపాధ్యాయునికి చిక్కు లేదు.

అట్టి గుర్తు చెదరిపోయిన చోట పరిశోధకుడు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. తండ్రి యెవరు? నివాసమేది? గ్రంథమున కాలసూచన యున్నదా? కృతి యెవరికి అంకితము? ఈతడు ఎవరిని పేర్కొనెను. ఈతనిని ఎవరు పేర్కొనిరి? మొదటి భాస్కరుని కాలము ఆతని భాష్యమందలి గణనవలన తెలిసినది. భాస్కరాచార్యుని వంశము మనుమని శాసనమువలన తెలిసినది. వేదాంతి భాస్కరుని స్థానము ప్రతివాదుల ఖండనమువలన తెలిసినది. హుళక్కి భాస్కరుని కృతికి అంకితము సాక్ష్యమిచ్చుచున్నది. ఈ ప్రశ్నలలో ఒక్కటియు పెద్ద పండితులకు మాత్రమే సాధ్యమైనది కాదు. గ్రంథపీఠికను, గద్యను శ్రద్ధతో చదువు విద్యార్థి వీనిలో సగమునకు తానే సమాధానము చెప్పగలడు. మన కావ్యములందు ఆశ్వాసాంతగద్యలో కవి తన తండ్రిపేరును, తన పేరును చెప్పుకొనుటకు గల ప్రయోజనములలో ఇది యొకటి. పరీక్షకు పనికిరాదని విద్యార్థులు దాటవేయు భాగమే కవికి గుర్తింపుచీటి!

ఆధునికులు ఈ పేరును ఆకాశమునకును ఎత్తినారు. భారతదేశము నిర్మించిన భూపరిశీలక ఉపగ్రహము ‘భాస్కర’ 1979 జూన్ 7వ తేదీన సోవియట్ భూమినుండి ప్రయోగింపబడెను. దాని తోడుది 1981 నవంబరు 20వ తేదీన ఎగసెను. వానిని భాస్కర–1, భాస్కర–2 అని వ్యవహరింతురు. గణితజ్ఞులకు పండితులు వేసిన సంఖ్యలే ఉపగ్రహములకును వచ్చుట కాకతాళీయమైనను సముచితముగ నున్నది. యంత్రమునకైనను పేరొక్కటి చాలదు. అంకె యొకటి కావలెను.

ఇందరు భాస్కరులలో ఎక్కువ నష్టపడినవారు ఇద్దరు. ఒకడు ఏడవ శతాబ్ది గణకుడు. ఆతనిది ఆతనికి తిరిగి యిచ్చుటకు పదమూడు శతాబ్దులు పట్టినది. గ్రంథములు మిగిలియుండుటచేత ఆ పని సాధ్యమైనది. రెండవవాడు గుంటూరు మంత్రి. ఆయన పద్యము ఒక్కటియు దక్కలేదు. తిరిగి యిచ్చుటకు మనచేత నేమియు లేదు. ఆయన స్థానమున మరియొక భాస్కరుని నిలువబెట్టకుండుటయే మనము చేయగల న్యాయము. తరగతిగదిలో భాస్కరుని పేరు వచ్చిన ప్రతిసారియు ఆ పేరునకు ముందు తగిన మాటను చేర్చి పలికినచో, ఆ న్యాయము ఉపాధ్యాయుని నోటనే ఆరంభమగును.